సముద్రాన్ని ఆపే మంచినీళ్లు

సాలూరు, పార్వతీపురం వైపు నుంచి శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానానికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "సముద్రం హోరు ఇక్కడిదాకా వినిపిస్తోంది కదా, మరి మీ నూతినీళ్లు ఉప్పగా ఎందుకు లేవు?" కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తీరంలో చాలాచోట్ల ఈ ఆశ్చర్యం ఎదురవుతుంది. ఒకవైపు బంగాళాఖాతం, దాన్ని ఆనుకుని ఇసుక దిబ్బ, ఆ దిబ్బ వెనకే తియ్యటి నీళ్లున్న నుయ్యి.

"ఇసుక ఉప్పును వడగట్టేస్తుంది" అని చాలామంది జవాబు చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ అది తప్పు. కావాలంటే ఒక కుండ అడుగున చిన్న బెజ్జం పెట్టి, కుండ నిండా ఇసుక పోసి, పైనుంచి ఉప్పునీళ్లు పోసి చూడండి. కిందికి కారిన నీళ్లు తేటగానే ఉంటాయి, నాలుక మీద వేసుకుంటే మాత్రం ఉప్పే. ఇసుక బురదను పట్టుకోగలదు. నీటిలో కరిగిపోయిన ఉప్పు ఇసుక రేణువుల సందుల్లోంచి నీటితోపాటే దిగిపోతుంది.

ఆ నూతిలోవి సముద్రం నుంచి వచ్చిన నీళ్లు కావు, వాననీళ్లు. కాబట్టి ప్రశ్నను ఇలా మార్చుకోవాలి: పక్కనే అంత సముద్రం ఉండగా, నేలలో దాగిన ఈ కాసిని వాననీళ్లలోకి అది చొరబడకుండా ఆపుతున్నది ఏమిటి? గోడ లేదు, కట్ట లేదు. ఆపుతున్నవి ఆ మంచినీళ్లే. అవి తగినంత ఉన్నంతకాలం ఉప్పునీరు వెనక్కి తగ్గి ఉంటుంది. అవి తరిగితే అది ముందుకొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో పంటలు, చేపలు, పక్షులు, పల్లెలు అన్నీ ఈ తూకం మీదే బతుకుతున్నాయి.

ఇసుక దాచుకున్న వాన

ఈ ప్రాంతంలో ఏటా సగటున 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. 1,100 మిల్లీమీటర్లే అనుకుని లెక్కవేస్తే, ఒక ఎకరం నేల మీద ఏడాదిలో పడే నీరు సుమారు 44 లక్షల లీటర్లు. అది ఏమవుతుందన్నది పడిన నేలను బట్టి ఉంటుంది.

విజయనగరం మెట్ట భూముల్లో పెద్ద వాన పడితే నీరు నేలలోకి ఇంకేలోపే వాలు పట్టి పరుగెడుతుంది. గట్లు దాటి గెడ్డలో పడుతుంది, గెడ్డ చెరువులోకి పోతుంది, చెరువు నిండితే అలుగు దాటి కింది చెరువుకు పోతుంది. మన పెద్దలు చెరువులను ఒకదాని కింద ఒకటిగా గొలుసుకట్టుగా తవ్వించింది ఈ పరుగును నెమ్మదింపజేయడానికే.

తీరం ఇసుక మీద కథ వేరు. ఎంత కుండపోత వాన కురిసినా దిబ్బ మీద నీరు పారదు. దిబ్బల మీద వాగులు, గెడ్డలు కనిపించకపోవడానికి కారణం అదే. పడ్డ నీరు పడ్డచోటే దిగిపోతుంది. కొంత పైపొరలోంచి ఆవిరైపోతుంది, కొంత చెట్ల వేళ్లు తాగుతాయి. మిగిలింది ఎండ తగలని లోతుకు చేరి, ఇసుక రేణువుల మధ్య ఖాళీలను నింపుకుంటూ నిలుస్తుంది. శాస్త్రజ్ఞులు ఇలాంటి నీటి పొరను ఆక్విఫర్ అంటారు. మనం జలపొర అందాం.

ఇసుక గాలికి ఎగిరిపోయేదే కదా, మరి ఆ దిబ్బ అక్కడే ఎలా నిలబడింది? తీరం అంచుకు వెళ్లి చూస్తే జవాబు కాళ్లకు గుచ్చుకుంటుంది. రావణాసురుడి మీసాలు అనే ముళ్ల గడ్డి అక్కడ పెరుగుతుంది. దాని ఎండిన గింజల గుత్తులు బంతుల్లా గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోయి, ఆగినచోట మొలుస్తాయి. ఆ గడ్డి చుట్టూ ఇసుక పేరుకుంటుంది. ఇసుకలో పూడుకుపోతుంటే గడ్డి ఇంకాస్త పైకి లేస్తుంది, దానితోపాటే దిబ్బా పెరుగుతుంది. ఊదారంగు పూల బాలబంద తీగ నేల మీద అల్లుకుని ఇసుకను కదలనివ్వదు. వాటి వెనక మొగలి పొదలు. పశువులు కూడా ముట్టని ఈ మొక్కలే వాననీటిని దాచే దిబ్బను కట్టాయి. అంటే మొక్కలు లేని చోట దిబ్బ నిలవదు, దిబ్బ లేని చోట మంచినీటి పొర పలచబడుతుంది.

తేలే నీరు

వరి విత్తనం ఎంచుకునేటప్పుడు కొందరు రైతులు ఉప్పునీటి పరీక్ష చేస్తారు. నీళ్ల తొట్టిలో ఒక కోడిగుడ్డు వేస్తే అడుగుకు పోతుంది. ఉప్పు కలుపుతూ పోతే ఒక దశలో గుడ్డు పైకి తేలుతుంది. అప్పుడు విత్తనాలు పోస్తే తాలు పైన తేలి, గట్టి గింజలు అడుగున నిలుస్తాయి. ఉప్పు కలిసిన నీరు మామూలు నీటికన్నా బరువు కాబట్టి ఇది సాధ్యమవుతుంది.

లీటరు మంచినీరు సుమారు 1,000 గ్రాములు తూగితే, లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగుతుంది. తేడా 25 గ్రాములే. ఆ కొద్ది తేడా వల్లే ఇసుక పొరల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది.

ఎలా తేలుతుందో తెలియాలంటే మన మత్స్యకారుల తెప్పను గుర్తుచేసుకోవాలి. దూరం నుంచి చూస్తే తెప్ప మీద మనిషి నీళ్ల మీదే నిల్చున్నట్టు కనిపిస్తాడు. తెప్పలో పైకి కనిపించేది కొంచెం, నీటిలో మునిగి ఉన్నది ఎక్కువ. బరువు పెంచితే ఇంకాస్త మునుగుతుంది, దించితే పైకి లేస్తుంది. ఇసుకలోని మంచినీటి పొరా అంతే. సముద్రమట్టానికి పైన అది కొంచెమే ఉంటుంది, కిందికి మాత్రం చాలా లోతుగా దిగి, ఉప్పునీటిని అణచి ఉంచుతుంది.

ఎంత లోతు? 40 మీటర్ల ఎత్తున్న సముద్రపు నీటి స్తంభం, 41 మీటర్ల మంచినీటి స్తంభం సమాన బరువు తూగుతాయి. అంటే జలపొర మట్టం సముద్రానికన్నా ఒక మీటరు ఎత్తులో ఉంటే, సముద్రమట్టానికి దిగువన 40 మీటర్ల దాకా మంచినీరే ఉండొచ్చు. నెదర్లాండ్స్ సైనిక ఇంజనీరు బాడోన్ గైబెన్ 1880ల చివర ఈ సంగతి రాశాడు. జర్మనీలో హెర్జ్‌బర్గ్ తనంతట తానుగా ఇదే లెక్కను 1901లో ప్రకటించాడు. ఈ సూత్రం వాళ్లిద్దరి పేర్ల మీదే నడుస్తోంది. నేలలో బంకమట్టి పొరలుంటే లెక్క కొంత మారుతుంది. రెండు నీళ్ల మధ్య హద్దు కూడా గీత గీసినట్టు ఉండదు, నడుమ ఉప్పు, తీపి కలిసిన జవుకునీటి మండలం ఉంటుంది. అయినా 1కి 40 అన్న ఈ లెక్క తీరవాసులు గుర్తుపెట్టుకోదగ్గది.

ఎందుకంటే ఇది తిరగబడినా అంతే. మోటార్లు తోడితోడి జలపొర మట్టం అర మీటరు దిగిందనుకోండి. కింద ఉప్పునీరు అర మీటరే లేచి ఊరుకోదు, కాలక్రమంలో 20 మీటర్లు పైకి వస్తుంది. ఏతంతోనో గూడతోనో తోడిన రోజుల్లో మనిషి అలసటే నీటికి రక్ష. బోరుబావికి అలసట లేదు. ఒకేచోట లోతుగా, గంటల తరబడి లాగితే సరిగ్గా ఆ బోరు కిందే ఉప్పునీరు శంకువులా పైకి పొడుచుకొస్తుంది. ఊళ్లో మిగతా నూతులు బాగానే ఉండి, లోతైన ఒక్క బోరు ముందు ఉప్పెక్కడానికి ఇదే కారణం కావచ్చు. ఒకసారి ఉప్పెక్కిన పొరను కడగడానికి మళ్లీ వానే కావాలి. దానికి ఏళ్లు పడుతుంది.

దిబ్బ వెనక బీల

ఇసుక దిబ్బలకూ లోపలి మెట్టకూ మధ్య ఉన్న పల్లపు నేలను శ్రీకాకుళం జిల్లాలో బీల అంటారు. సోంపేట బీల అందరికీ తెలిసిన పేరు. పక్కనే తంపర అని పిలిచే చిత్తడి భూములు. వానాకాలంలో మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే నీరు ఇక్కడ పరుచుకుంటుంది. ఎండాకాలంలో చుట్టూ చెరువులు బీటలువారినా బీలలో తడి ఉంటుంది.

ఎందుకు ఉంటుంది? బీలలో నేల మట్టం జలపొర మట్టానికి దాదాపు సమానం. మనకు కనిపించే ఆ నీరు చాలావరకు నేల కింది నీటి పైముఖమే. వానాకాలంలో బీల నేలకు నీరు పోస్తుంది, ఎండాకాలంలో దిబ్బల కింద దాగిన నీరు ఊటగా బీలలోకి వస్తుంది. అక్కడ మట్టం ఎత్తుగా ఉన్నంతకాలం ఆ బరువు సముద్రం వైపు ఉప్పునీటిని వెనక్కి నెడుతూనే ఉంటుంది. దూరంగా దిబ్బ అవతల ఉన్న నూతిలో తీపికి బీల కూడా ఒక కారణమన్నమాట.

బీలలో తుంగ, జమ్ము ఒత్తుగా పెరుగుతాయి. వాటి కాడల మధ్య నీటి వేగం తగ్గి ఒండ్రు అడుగుకు దిగుతుంది. గాలి ఆడని ఆ నల్లబురదలో బతికే సూక్ష్మజీవులు పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువుల్లోని నైట్రేట్లను విడగొట్టి, నత్రజనిగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. తొలకరికి నీరు కొత్తగా పరుచుకున్నప్పుడు కొర్రమీను, జెల్ల వంటి చేపలు లోతులేని గడ్డి మడుల్లోకి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. పిల్ల చేపలకు అక్కడ తిండి, చాటు రెండూ దొరుకుతాయి. వలలు వేసేవాళ్లకు, పశువులు మేపేవాళ్లకు, ఇంజన్లు పెట్టి వరికి నీళ్లు తోడేవాళ్లకు ఆ నేలే ఆధారం.

సాగు లెక్కలో చూస్తే మాత్రం బీల ఖాళీ నేలలా కనిపిస్తుంది. సోంపేట బీలలో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు ఊళ్లు ఎదురుతిరిగాయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలోనూ చిత్తడినేలలో థర్మల్ కేంద్రం గొడవ కాల్పులదాకా వెళ్లింది. ఆ తగువుల్లో భూమి, ఉపాధి, రాజకీయం అన్నీ ఉన్నాయి. నీటి శాస్త్రం వైపు నుంచి చూస్తే ఒక్క సంగతి తేటగా కనిపిస్తుంది. బీలను మట్టితో పూడిస్తే అక్కడ ఎండాకాలంలో కనిపించే నీటి చుక్క ఒక్కటే పోదు, దాని చుట్టూ నూతుల అడుగున ఉప్పును అణచి ఉంచే బరువు కూడా పోతుంది.

రెండు పక్షుల ఊళ్లు

నీటి ఏడాదికి రెండు సగాలున్నాయి: నిండే కాలం, తగ్గే కాలం. శ్రీకాకుళం జిల్లాలో రెండు ఊళ్లకు వచ్చే పక్షులు ఆ రెండు సగాలనూ పంచుకున్నాయి.

ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు జూన్‌లో, తొలకరితోపాటు వస్తాయి. వాటి రెండు ముక్కులూ కొనల దగ్గర, మొదట్లో కలుస్తాయి గానీ మధ్యలో ఒక సందు ఉంటుంది. నత్తను ఆ సందులో పెట్టి నొక్కి పగలగొడుతుందని అనుకుంటారు గానీ, సాధారణంగా అది గుల్లను పగలగొట్టదు. పై ముక్కుతో గుల్లను నేలకు అదిమి, సన్నని కింది ముక్కు మొనను మూత సందులోంచి లోపలికి దూర్చి, కండను తెంపి, గుల్లను అక్కడే వదిలేసి మాంసాన్ని లాగేస్తుంది. నత్తలు బయటికొచ్చేది పొలాల్లో, పల్లాల్లో కొత్తనీరు నిలిచాకే. కొంగ గూడు కట్టే వేళ, నత్త బయటికొచ్చే వేళ, ఆకుమడి వేసే వేళ మూడూ ఒకటే. ఊరివాళ్లు కొంగల రాకను వానకు గుర్తుగా చూడడంలో అర్థముంది.

టెక్కలి మండలం తేలినీలాపురానికి వచ్చేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఇవి వానలు ముగింపుకొచ్చాక వస్తాయి, ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీద, పత్రికల్లో ఎన్నోసార్లు చదివి ఉంటాం. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయాసియావే. మన దేశంలోనే ఒక నీటి నుంచి ఇంకో నీటికి మారుతుంటాయి. ఈ నేలమీది నీటి పరిస్థితి మారితే తప్పించుకోవడానికి వీటికి వేరే ఖండం లేదు.

ఇవి నీరు తగ్గే కాలాన్నే ఎందుకు ఎంచుకున్నాయి? మేత కోసం వెళ్లేది దగ్గర్లోని నౌపడ చిత్తడినేలలకు. వానాకాలంలో అక్కడ గెడ్డల తీపినీరు, పోటుకు వచ్చే ఉప్పునీరు కలుస్తాయి. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు, కొన్ని జాతుల చేపపిల్లలు పెరగడానికి ఈ జవుకునీటికే వస్తాయి. వానలు ఆగాక నీరు కుంచించుకుపోతూ చేపలన్నీ చిన్న మడుగుల్లోకి చేరతాయి. సరిగ్గా అప్పుడే గూళ్లలో పిల్లల ఆకలి పెరుగుతుంది. తక్కువ శ్రమతో ఎక్కువ చేప దొరికే వారాలవి. ఇంకా ఎండితే మిగిలేది ఉప్పే. నౌపడలో ఉప్పు మళ్లు కట్టేవాళ్ల పని మొదలయ్యేదీ ఆ ఎండలతోనే.

కాబట్టి పక్షులకు ఏడాది మొత్తంలో ఎంత నీరు వచ్చిందన్నది ఒక్కటే ముఖ్యం కాదు. ఎప్పుడు వచ్చింది, ఎంత నెమ్మదిగా తగ్గింది అన్నది అంతకన్నా ముఖ్యం. చిత్తడినేలను ఏడాది పొడవునా నింపి ఉంచినా గూడబాతుకు నష్టమే, తొందరగా ఎండగట్టినా నష్టమే.

ఏటినీరు సముద్రంలో కలిస్తే వృథాయేనా?

వంశధార పొడవు సుమారు 254 కిలోమీటర్లు, నాగావళి 256. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, గోదావరితో పోలిస్తే చాలా తక్కువ దూరంలోనే సముద్రం చేరతాయి. అందుకే కొండల్లో గట్టి వాన పడితే గంటల్లోనే వరద మన మీదికి వస్తుంది. వరద నీరంతా కళింగపట్నం దగ్గర వంశధార మొగలోంచి సముద్రంలోకి పోతుంటే గుండె తరుక్కుపోవడం సహజం. గొట్టా బ్యారేజీ, తోటపల్లి, మడ్డువలస, హిరమండలం జలాశయం ఈ రెండు నదుల నీటిలో కొంత నిలుపుకోవడానికి వచ్చినవే. అవి లేకపోతే లక్షల ఎకరాల ఆయకట్టు లేదు.

అయితే మొగ దాటి పోయే నీరు అక్కడ మూడు పనులు చేస్తుంది. మొదటిది, పోటు సమయంలో ఏటిలోకి ఎదురెక్కే ఉప్పునీటిని వెనక్కి తోస్తుంది. ఏటి ప్రవాహం సన్నగిల్లిన వేసవిలో ఉప్పు ఎగువకు పాకేది అందుకే. చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలిసేచోటా ఇదే సూత్రం. రెండోది, వరద మొగలోని ఇసుక మేటను తెంచి దారి తెరుస్తుంది. రొయ్యలు, చేపలు లోపలికీ బయటికీ తిరిగే దారి అదే. మూడోది, ఏరు మోసుకొచ్చే ఇసుకను అలలు తీరం వెంబడి పరుస్తాయి, గాలి దాన్ని ఒడ్డుకు చేరుస్తుంది, ముళ్ల గడ్డి పట్టి నిలిపి దిబ్బ కడుతుంది. మనం మొదట చూసిన దిబ్బకు ముడిసరుకు ఏటి ఇసుక. ఆనకట్టల వెనక కొంత ఇసుక ఆగిపోతుంది, కొంత లారీల్లో పోతుంది. ఏటి అడుగు లోతయ్యేకొద్దీ ఒడ్డు నూతుల్లో నీరూ దిగుతుంది, మొగ దగ్గర పోటునీరు ఇంకాస్త లోపలికి వస్తుంది.

ఇప్పుడు ఉద్దానానికీ ఏటికీ కొత్త బంధం ఒకటి ఏర్పడింది. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. దాని మూలమేమిటన్నది శాస్త్రం ఇంకా ఖాయంగా తేల్చలేదు, ఉప్పునీటి చొరబాటుతో దాన్ని ముడిపెట్టడం సరికాదు. జాగ్రత్తగా శుద్ధిచేసిన ఏటినీరివ్వాలన్న ఉద్దేశంతో హిరమండలం జలాశయం నుంచి గొట్టాలు వేసి, 2023 డిసెంబర్‌లో ఆ పథకాన్ని ప్రారంభించారు. కుళాయి వచ్చాక నూతిని పట్టించుకోకపోతే అది ఇంకో పొరపాటవుతుంది. తోటలు, పశువులు, బీలలు ఇప్పటికీ ఆ నేలనీటి మీదే ఉన్నాయి.

లెక్క ఎక్కడ తప్పుతోంది

పైన చెప్పిన తూకం ఇప్పుడు రెండు వైపుల నుంచీ కదులుతోంది. సముద్రం వైపు చూస్తే, 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడు కూడా లేదే అనిపిస్తుంది. ఎత్తైన దిబ్బల్లో జలపొర కూడా సముద్రంతోపాటు కాస్త పైకి జరగగలదు, అక్కడ తూకం నిలుస్తుంది. పల్లపు బీలలో నీటికి పైకి జరిగే చోటు లేదు. నేల పైకొచ్చిన నీరు కాలవల్లో పారిపోతుంది. సముద్రం పెరిగింది, మంచినీటి మట్టం పెరగలేదు, తేడా తగ్గిపోయింది. 40 రెట్ల లెక్క ఇక్కడే దెబ్బ కొడుతుంది.

తుఫాన్లది ఇంకో రకం దెబ్బ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలికి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తోట పోతే ఆదాయం పోవడం అందరికీ కనిపిస్తుంది. నీడ పోయిన ఇసుక వేడెక్కి, పైపొర తడి త్వరగా ఆవిరైపోవడం ఎవరికీ కనిపించదు. ఉప్పెన నీరు పల్లాల్లో నిలిస్తే బరువైన ఉప్పు పైనుంచి కిందికి, మంచినీటి పొరలోకి దిగుతుంది. తిరిగి మొక్కలు నాటేటప్పుడు కూడా ఆలోచన అవసరం. సరుగుడు గాలిని ఆపుతుంది, నేలలో నీటినీ తాగుతుంది. దిబ్బ ముందుభాగంలో గడ్డి, తీగ, మొగలి ఉండాల్సిన చోట అది వాటికి బదులు కాలేదు.

నేల వైపు మన చేతులున్నాయి. బోర్లు మట్టాన్ని దించుతాయి. తీరం ఇసుకలో తవ్విన రొయ్యల చెరువులో ఉప్పునీరు సముద్రమట్టం కన్నా ఎత్తులో నిలుస్తుంది కాబట్టి, అడుగు గట్టిగా లేకపోతే అది నేరుగా తీపిపొరలోకి ఇంకుతుంది. తీరంలో లోతుగా తవ్వే ఏ కాలవైనా ఉప్పుకు లోపలికి దారి, మంచినీటికి బయటికి దారి.

రేవు కట్టాలా, రొయ్యల చెరువు తవ్వాలా, బీలలో కాలవ తీయాలా, తోటకు ఇంకో బోరు వేయాలా అన్నవి వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి, వేర్వేరు కార్యాలయాల్లో తేలుతుంటాయి. తీరంలో ఉండేవాళ్లు వాటన్నిటినీ ముందుగా ఒకే ప్రశ్నతో పరీక్షించవచ్చు: ఈ పని వల్ల ఇక్కడి మంచినీటి మట్టం సముద్రానికన్నా ఎత్తులో ఉండే ఆ కొద్దిపాటి తేడా పెరుగుతుందా, తగ్గుతుందా? దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఊరి ఉమ్మడి నూతిలో వేసవిలోనూ వానల తర్వాతా ఒరనుంచి నీటిదాకా తాడుతో కొలిచి, నీటి ఉప్పదనాన్ని చేతిలో పట్టే చిన్న మీటరుతో చూసి, ఏటేటా పంచాయతీ పుస్తకంలో రాసి పెడితే చాలు. తాడు కొలతలో జానెడు తేడా వచ్చిందంటే అడుగున ఎన్ని మీటర్లు కదిలిందో లెక్క మనకు తెలుసు. ఆ పుస్తకం ఉన్న ఊరు, నీరు నాలుకకు ఉప్పగా తగిలేదాకా ఆగకుండా ముందే మాట్లాడగలదు.